నలభై కొలుముల ఊరు వెతుక్కుంటూ…

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లాను. మాది నరసాపురం పక్కన చిన్న ఊరు. పండగ మూడు రోజులూ అయిపోయి, ముక్కనుమ నాడు పొద్దున్నే పాత ఇనుం సామాన్ల ఆటో మా వీధిలోకొచ్చింది. మైకులో ఆ రికార్డు గొంతు మీకూ తెలిసే ఉంటుంది. బాబాయ్ పరిగెత్తుకెళ్లి ఆటో ఆపాడు. పెరట్లో కొలిమి పాక పీకేసి బాత్రూమ్ కట్టించాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది.

పాకలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తుప్పు పట్టిన పట్టకార్లు, రెండు సమ్మెటలు, చేత్తో తిప్పే గాలి పంకా, విరిగిపోయిన పలుగు. ఆఖర్న దాగలి. దాగలి అంటే తెలుసు కదా, కమ్మరి ఎర్రగా కాలిన ఇనుముని పెట్టి కొట్టే దిమ్మ. సినిమాల్లో చూపించే కొమ్ము ఉన్న ఇంగ్లీషు దాగలి కాదిది. నలుపలకల ముద్ద. కింద మొన. తాటి మొద్దులో దిగగొట్టి ఉండేది.

కాటాలో పెడితే పద్దెనిమిది కిలోలు. కిలో ముప్పై చొప్పున అయిదువందల నలభై రూపాయలు. మా కుటుంబం ఎన్ని తరాలు దాని మీద అన్నం తిన్నదో నాకు లెక్క తెలీదు. ఆటో అతను మాత్రం లెక్క వెంటనే చెప్పేశాడు.

అరుగు మీద కూర్చున్న తాతయ్య అడ్డుపడలేదు. బీడీ ఆర్పి, "అమ్మితే అమ్మండ్రా, నాదేం పోయింది. కానీ అది సీమ ఇనుం కాదు, నాటు ఇనుం. మా తాత చెప్పేవాడు, పై మెట్టలోంచి తెచ్చుకున్నదని. మళ్లీ కావాలంటే దొరకదు" అన్నాడు.

నాకు ఆ మాట దగ్గర ఆగిపోయింది. సీమ ఇనుం అంటే ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగింది. సీమచింత, సీమసున్నం లాగే. మరి నాటు ఇనుం? మనకి సొంతంగా ఇనుము ఎక్కడ తయారయ్యేది? పాతికేళ్లు ఆ ఇంట్లో పెరిగాను, కొడవలికి కక్కు పెట్టడం చూశాను, నాగలి కర్రు సాగదీయడం చూశాను. కానీ ఆ ఇనుము ఎక్కడ పుట్టిందని ఒక్కసారీ అడగలేదు.

"బాబాయ్, ఉగాది దాకా ఆగు" అన్నాను. ఆయన నా వంక ఒక చూపు చూశాడు. దాగలి మళ్లీ పాకలోకి వెళ్లింది. మిగతావన్నీ ఆటోలోకి వెళ్లిపోయాయి, పట్టకార్లతో సహా. వాటిని ఆపాలని అప్పుడు తోచలేదు. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఓడలకి మేకులు

మొదట నాకు దొరికిన ఆధారం మా గుమ్మం ముందే ఉంది. నరసాపురం పక్కనే మాధవాయిపాలెం రేవు. పంటు మీద బండెక్కించుకుని వశిష్ఠ దాటితే అవతల సఖినేటిపల్లి, కోనసీమ. చిన్నప్పట్నుంచీ ఎన్నోసార్లు దాటాను. ఈ రేవుని ఇంగ్లీషువాళ్లు మడపొల్లం అనేవాళ్లు. అక్కడ వాళ్లకి వర్తక స్థావరం ఉండేది. మడపొల్లం అని ఒక రకం నూలు గుడ్డకి పేరే పడిపోయింది, ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఆ మాట ఉంది. మన రేవు పేరు లండన్ దర్జీల నోట్లో నానిందన్న మాట.

థామస్ బౌరీ అనే ఇంగ్లీషు ఓడ వర్తకుడు 1669 నుంచి 1679 మధ్య బంగాళాఖాతం చుట్టూ తిరిగి తను చూసినవి రాసిపెట్టుకున్నాడు. నరసాపురం, మడపొల్లం గురించి ఆయన రాసిందాంట్లో నన్ను పట్టేసింది గుడ్డల సంగతి కాదు, ఓడల సంగతి. ఇక్కడ మంచి కలప దొరుకుతుంది, మంచి వడ్రంగులున్నారు, ఓడకి కావాల్సిన బోల్టులు, మేకులు, లంగర్ల లాంటి ఇనప పనంతా చవకగా అవుతుంది, అందుకే ఇంగ్లీషు వర్తకులు ఇక్కడికొచ్చి ఓడలు కట్టించుకుంటారు అని. అంటే మా తాతల తాతలు లంగర్లు కొట్టారేమో! (ఆధారమేమీ లేదులెండి. కమ్మరి ఇంట్లో పుట్టినవాడికి ఆ మాత్రం ఊహించుకునే హక్కుంటుంది.)

అయితే ఒక చిక్కుంది. డెల్టా అంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. మా ఊళ్లో పిల్లాడు మామిడికాయ మీదకి విసరడానికి కూడా రాయి వెతుక్కోవాలి. ఇక ఇనప రాయి ఎక్కడిది? తాతయ్య అన్న "పై మెట్ట" అక్కడ అర్థమైంది. డెల్టా ఆగిపోయి ఎర్రనేల మొదలయ్యే చోట వెతకాలి. ఏలూరు పైన, నూజివీడు వైపు.

సామర్లకోటలో ఇద్దరు డాక్టర్లు

రెండో ఆధారం ఫోన్లో దొరికింది. రాత్రి పూట హైదరాబాద్ రూమ్‌లో పడుకుని పాత పుస్తకాల స్కాన్లు తిప్పుతుంటే బెంజమిన్ హెయిన్ అనే పేరు తగిలింది. జర్మన్. మొరేవియన్ మిషన్‌తో తరంగంబాడి వచ్చాడు. అక్కణ్నుంచి 1793లో మన సామర్లకోట చేరాడు. ఎందుకంటారా? అక్కడ ఈస్టిండియా కంపెనీకి ఒక తోట ఉండేది. మిరియాలు, దాల్చినచెక్క లాంటివి పండించి లాభం చేసుకోవాలని దాన్ని పెట్టించారు. దాన్ని నడిపినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ డాక్టరు, వృక్షశాస్త్రజ్ఞుడు. మన చెట్లలో చాలావాటి శాస్త్రీయ నామాల చివర కనిపించే రాక్స్‌బ్. అనే ముక్క ఈయనదే. 1793లో ఆయన కలకత్తా తోటకి వెళ్లిపోయాక ఆ బాధ్యత హెయిన్ మీద పడింది.

వీళ్లు సామర్లకోటలో ఉన్న కాలం ఎలాంటిదో కాస్త చూడండి. 1789 డిసెంబరులో కోరింగ ఉప్పెన వచ్చి ఇరవై వేలమంది పోయారంటారు. అది మరిచిపోకముందే వానలు మొహం చాటేశాయి. 1790 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో కరువు. అదే సమయంలో దేశంలో మరికొన్ని చోట్ల కూడా పడిన ఆ కరువుని పుర్రెల కరువు అన్నారు, చచ్చినవాళ్లని తగలబెట్టే దిక్కు కూడా లేక. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. అది 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఇప్పుడు మనం పచ్చగా ఫొటోలు తీసి పెట్టుకునే ఈ డెల్టా, అప్పుడు వాన రాకపోతే మెట్ట లాగే ఎండిపోయేది.

కంపెనీ ఏమీ చేయలేదని అనడం అబద్ధమే అవుతుంది. మద్రాసు ప్రభుత్వం 1792లో కరువు బాధితులకి పనులు పెట్టింది. రాక్స్‌బర్గ్ కరువుని కళ్లారా చూసి, కొబ్బరి, పనస లాంటి తిండి చెట్లు ఊరూరా నాటించండి, వరి పోయినా మనుషులు బతుకుతారు అని పైవాళ్లకి రాశాడు. మంచి ఆలోచన. కానీ చెట్టు కాపుకొచ్చేదాకా కడుపు ఆగదు కదా.

ఇక అసలు సంగతి. 1795లో హెయిన్ నూజివీడు జమీలో తిరిగాడు. రమణక్కపేట అనే ఊరు వెళ్లాడు, ఇనుము ఎలా తీస్తారో చూడ్డానికి. తర్వాత 1814లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ సంగతులున్నాయి. ఊరు చూడముచ్చటగా ఉందట, వీధులు వెడల్పుగా ఉన్నాయట. కరువుకి ముందు అక్కడ ఇనుము తీసే కొలుములు నలభై ఉండేవట. వెండిపని, రాగిపని చేసేవాళ్లు కూడా బోలెడుమంది, దండిగా బతికినవాళ్లు. ఇప్పుడు మిగిలినవాళ్లు నిరుపేదలు.

అదీ నాకు దొరికింది. పది లైన్లకి మించదు. కానీ నలభై అనే అంకె చూశాక నాకు నిద్రపట్టలేదు. ఒక్క ఊళ్లో నలభై.

బండి మీద నూజివీడు

ఫిబ్రవరిలో ఒక శనివారం. నేనూ, మా బావా. భీమవరం దాకా రొయ్యల చెరువుల వాసన, ఏలూరు దాటాక లారీల పొగ, హనుమాన్ జంక్షన్‌లో ఇడ్లీ. అక్కడ హైవే వదిలి కుడి చేతికి తిరిగితే నేల రంగు మారుతుంది. గోదారి జిల్లాల వాళ్లకి ఇది ఒక రకం షాక్. చూసి చూసి అలవాటైన నల్ల బురద పోయి ఎర్ర మట్టి. వరి పోయి మామిడి తోటలు. అప్పటికి పూత మీదున్నాయి. నూజివీడు చిన్నరసం తినడమే తప్ప ఆ పూత వాసన ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలీదు.

ఒకప్పుడు ఇదంతా మేకా అప్పారావుల జమీ. 1802 శాశ్వత పైసలా సమయంలో ఆ జమీని అన్నదమ్ముల మధ్య పంచితే నూజివీడు ఒక వాటా, గోదారి పక్కన మన నిడదవోలు ఇంకో వాటా అయ్యాయి. నిన్నమొన్నటిదాకా నూజివీడు కృష్ణా జిల్లా. 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది. కాబట్టి గోదారోళ్లం ఇప్పుడు కొంచెం ధైర్యంగా "మాది" అనుకోవచ్చు. బావ అప్పటికే అనేసుకున్నాడు.

రమణక్కపేట ముసునూరు వైపు. ఊరి మొదట్లో టీ తాగుతూ, "ఇక్కడ ఇనుము తీసేవాళ్లటగా?" అని అడిగితే టీ కొట్టు ఆయన, "ఇనుమా? పాత ఇనుం కొట్టు నూజివీడులో ఉందండీ" అన్నాడు. మా బావకి నవ్వు ఆగలేదు. ఇంకో ఇద్దరిని అడిగాం. కమ్మరి కొలుములు ఎప్పుడో మూతపడ్డాయన్నారు. బట్టీల సంగతి ఎవరికీ తెలీదు. వాళ్ల తప్పేముంది? రెండొందల ముప్పై ఏళ్ల కిందటి మాట. మా ఇంట్లో వందేళ్ల కిందటిదే మాకు తెలీదు.

తోటలో పుల్లలు ఏరుకుంటున్న ఒక ముసలావిడ మాత్రం, "నల్లరాళ్లా బాబూ? తేలిగ్గా ఉండవు, బుడగలు బుడగలుగా ఉంటయ్. మా చేలో నాగలికి తగిలేవి. గట్టు మీద పారేసేవాళ్లం" అంది. ఏ గట్టో చెయ్యి చూపించింది.

వెళ్లాం. గట్టంతా కలుపు. పావుగంట వెతికాక బావకి ఒకటి దొరికింది, పిడికిలంత. నల్లగా, ఒక పక్క గాజులాగా మెరుస్తూ, ఇంకో పక్క కాకరకాయలా బుడిపెలు. కారిన మైనం గడ్డకట్టినట్టుంది. తాతయ్యకి వీడియో కాల్ చేశాను. సిగ్నల్ ఒక గీత. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోన్ మరీ దగ్గరగా పెట్టుకోవడంతో నాకు ఆయన ముక్కే కనపడింది.

"దగ్గరగా పెట్రా. ఇంకో రాయితో కొట్టు. ఆ, మళ్లీ కొట్టు." విన్నాడు. "చిట్టెం రా అబ్బాయ్ అది. ఇనప చిట్టెం. మన కొలిమిలో అడుగున దొరికేది చిన్నది, ఇంత ముద్ద రాదు. ఇది ఇనుం తీసిందే."

నేను పురావస్తు శాస్త్రవేత్తని కాను. అది హెయిన్ చూసిన కొలిమిదే అని ప్రమాణం చెయ్యలేను. కొలిమి ముందు అరవై ఏళ్లు కూర్చున్న మనిషి ఫోన్లో చప్పుడు విని చెప్పాడు, అంతే.

ఆ చిట్టెం ఎలా పుడుతుందో చెప్పాలి, లేకపోతే ఇదంతా రాళ్ల కథలా ఉంటుంది. ఇనుము పూర్తిగా కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టితో కట్టిన బట్టీలో బొగ్గు మండించి, తోలు తిత్తులతో ఊదితే అంత రాదు, సుమారు 1200 దాకా వస్తుంది. అదృష్టవశాత్తూ అది చాలు. ఆ వేడికి రాయిలోని మట్టీ మలినాలూ కరిగి చిట్టెంగా కారిపోతాయి. బొగ్గు పొగ రాయిలోని ప్రాణవాయువుని లాగేస్తుంది. ఇనుము మాత్రం కరగకుండానే, తడిసిన స్పాంజిలాంటి ముద్దగా మిగులుతుంది. బట్టీ పగలగొట్టి ఆ ముద్దని ఎర్రగా ఉండగానే సమ్మెటలతో బాదితే లోపల ఇరుక్కున్న చిట్టెం పిండినట్టు బయటికొస్తుంది. గంటల తరబడి తిత్తి ఆగకూడదు. ఒక పొర బొగ్గు, ఒక పొర రాయి వేస్తూనే ఉండాలి. రాయి తవ్వేవాడొకడు, అడవిలో బొగ్గు కాల్చేవాడొకడు, ఊదేవాడు, బాదేవాడు. అంటే ఒక కొలిమి అంటే ఒక మనిషి కాదు, ఒక గుంపు. అలాంటివి నలభై అంటే ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

కరువు వస్తే వీళ్లే ముందు పోవడం ఎందుకో కూడా అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. రైతుకి గాదెలో ఎంతో కొంత గింజ ఉంటుంది. వీళ్లకి ఉన్నది ఇనుము. అది తినలేరు. రైతు పంట లేక కొత్త కర్రు కొనడు, పాత కొడవలితో సరిపెట్టుకుంటాడు. ఇనుము ధర పడిపోతుంది, బియ్యం ధర చుక్కలనంటుతుంది. నలభై కొలుములు ఆరిపోవడానికి ఎవరూ వాటిని కూల్చక్కర్లేదు.

అదే కాలంలో, ఇంగ్లండు ఉత్తరాన

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. అదే సమయంలో ప్రపంచంలో ఇంకెక్కడైనా కొండ తవ్వి లోహం తీసేవాళ్లు ఎలా బతికారో చూశాను. ఇంగ్లండు ఉత్తరాన పెన్నైన్ కొండలు దొరికాయి. అక్కడ సీసం. సీసం సంగతి మనకి కొత్తేమీ కాదు, మా రేవులో వల అంచుకి కట్టే గుండ్లు సీసమే. వినుకొండ దగ్గర బండ్లమొట్టు కొండలో హిందుస్తాన్ జింక్ సీసం గని నడిపింది కూడా, తర్వాత మూతపడింది. 327 డిగ్రీలకే కరిగే మెత్తని లోహం. ఆ సీసం రాయిలో కాస్త వెండి కూడా దొరికేది. అందుకని పెద్దలకి దాని మీద ప్రేమ ఎక్కువ.

అక్కడి గనులు కూడా జమీల్లాంటివే. అలెన్‌డేల్, వియర్‌డేల్ లోయల్లో బ్లాకెట్ కుటుంబం, ఆల్‌స్టన్ వైపు 1692లో పుట్టిన లండన్ లెడ్ కంపెనీ. ఇంకో జమీ కథ మన సర్కారు కథల్లానే ఉంటుంది. డెర్వెంట్‌వాటర్ ప్రభువు రాజు మీద తిరగబడి 1716లో తల పోగొట్టుకున్నాడు. ఆయన గని భూములు 1735లో నావికుల కోసం కట్టిన గ్రీనిచ్ ఆసుపత్రి చేతికొచ్చాయి. ఆ ఎస్టేట్‌ని చూసుకోవడానికి పెట్టుకున్న వాళ్లలో జాన్ స్మీటన్ ఒకడు. ఎడ్డిస్టోన్ లైట్‌హౌస్ కట్టిన మహా ఇంజనీరు! సామర్లకోటలో డాక్టరు తోట నడిపినట్టే, అక్కడ ఇంజనీరు శిస్తులు వసూలు చేశాడు.

పని పద్ధతి చూస్తే మన కౌలు గుర్తొస్తుంది. గని తవ్వేవాళ్లు నలుగురైదుగురు జట్టు కడతారు. మూణ్నెల్లకోసారి ఏజెంటు వచ్చి, ఈ చోట తవ్వితే ఇంత రాయికి ఇంత అని బేరం చేస్తాడు. రాయి బాగా పడితే జట్టు బాగుపడుతుంది, పడకపోతే అప్పు మిగులుతుంది. తిండికి నెలనెలా అడ్వాన్సు, అసలు లెక్క మాత్రం ఏడాదికోసారి. ఆ బేరాలు, లెక్కలు, ఏజెంటు యజమానికి రాసిన ఉత్తరాలు, అన్నీ కట్టలు కట్టలుగా ఆర్కైవుల్లో ఉన్నాయి. ఫలానా ఏడాది ఫలానా జట్టు ఎంత తవ్విందో ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఇంకో సంగతి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. తిండిగింజల ధరలు మండిపోయిన రోజుల్లో లండన్ లెడ్ కంపెనీ టోకున ధాన్యం కొనిపించి, పనివాళ్లకి బజారు కంటే తక్కువకి అమ్మించింది. దయ అనుకోకండి. పనివాడు వలస పోతే గని ఆగిపోతుంది, మళ్లీ అంత పనితనం ఉన్నవాణ్ని ఎక్కణ్నుంచి తెస్తారు? లెక్క చూసుకునే చేశారు. అక్కడి జీవితం స్వర్గమేమీ కాదు, రాతి దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై నడి వయసులోనే పోయేవాళ్లు. కానీ ఆ కొలుములు ఆరకుండా చూసుకోవాల్సిన అవసరం ఎవరికో ఒకరికి ఉంది.

రమణక్కపేట కొలుములు ఆరిపోతే నష్టం ఎవరికి? జమీకి భూమి శిస్తు ముఖ్యం. కంపెనీకి జమీ కట్టే పేష్కష్ ముఖ్యం. నలభై కొలుములు వీళ్ల పద్దులో చిల్లర. అందుకే మనకి కట్టల కొద్దీ ఉత్తరాలు లేవు. దారిన పోతూ ఆగిన జర్మన్ డాక్టరు రాసిన పది లైన్లున్నాయి.

మిగిలిన కొలుముల సంగతి

అంటే కరువొక్కటే చంపిందా? కాదు. ఆ తర్వాత కూడా తెలుగు నేల మీద చాలా చోట్ల నాటు ఇనుము తీశారు. ఇంగ్లండువాళ్లు మన ఉక్కు కోసం వెంటపడిన కాలం కూడా అదే. 1794లో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి మన ఉక్కు ముక్కలు వెళ్లాయి. వాళ్లు దాన్ని "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు"కి పట్టిన గతి అంటారు. హెయిన్ పుస్తకంలో జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఆ ఉక్కుని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం కూడా ఉంది. ఆ స్టోడార్ట్ తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. అదేనండీ, ఇంటర్ ఫిజిక్స్‌లో మనల్ని ఏడిపించిన ఫారడే.

ఉక్కుని లండన్ మెచ్చుకుంటుంటే, ఇక్కడ కొట్టేవాడి మీద మొహతర్ఫా పన్ను. చేతివృత్తులవాళ్ల మీద వేసేది. మగ్గానికింత, కొలిమికింత. పంతొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా నడిచింది. 1852లో మద్రాసులో మన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు చెట్టి పెట్టిన సంఘం ఇంగ్లండు పార్లమెంటుకి పంపిన అర్జీలో ఈ పన్ను మీద గోడు కూడా ఉంది. ఆపైన ఓడల్లో చవక సీమ ఇనుము దిగింది. రైలొచ్చాక లోపలి ఊళ్లకి కూడా చేరింది. 1882 అడవి చట్టం తర్వాత బొగ్గుకి చెట్టు కొట్టడం కష్టమైంది. ఒక దెబ్బకి పోలేదు, నాలుగు వైపుల నుంచీ గాలి ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం వెళ్లి కాటన్ మ్యూజియం చూశాను. ఆవరణలో పాత యంత్రాలు పెట్టారు. బావ వాటి పక్కన ఫొటోలు దిగాడు. నేనూ దిగాను, అబద్ధమెందుకు. కాటన్ దొరకి మా జిల్లాలో దండం పెట్టని ఇల్లు లేదు, మా ఇంట్లోనూ పెడతారు. ఆనకట్ట వచ్చింది కాబట్టే పుర్రెల కరువు మళ్లీ డెల్టాకి రాలేదు. అది యాభై అరవై ఏళ్లు ముందొచ్చి ఉంటే అని ఒక్క క్షణం అనిపించింది. వచ్చినా ఆ నీళ్లు రమణక్కపేట ఎర్రనేలకి ఎక్కవు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి చిట్టెం ముక్క తాతయ్య చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. నాలుక చివర తగిలించి చూశాడు కూడా, పిన్ని కేకలేసింది. తర్వాత, "కొలిమి రాజేద్దాం రా" అన్నాడు. పంకా అమ్మేశాం కదా తాతయ్యా అంటే, అటక మీంచి పాత తోలు తిత్తి దింపించాడు. ఎలకలు కొరికిన చోట గుడ్డ కట్టాం. ఇస్త్రీ బండి అతని దగ్గర రెండు కిలోల బొగ్గు తెచ్చాను.

తిత్తి నా చేతికిచ్చాడు. "ఆగకూడదు. గాలి తెగితే వేడి పడిపోద్ది." పది నిమిషాలకి నా భుజాలు పోయాయి. బావ ఎనిమిది నిమిషాలకే వదిలేశాడు. తాతయ్య ఒక పాత మేకుని ఎర్రగా కాల్చి, వంట గదిలోంచి తెచ్చిన పటకారుతో పట్టుకుని, దాగలి మీద పెట్టి రెండు దెబ్బలు కొట్టాడు. అది కొక్కెం అయింది. గోడకి దిగగొట్టి దానికి తన చొక్కా తగిలించుకున్నాడు.

ఉగాదికి ఆటో మళ్లీ వచ్చింది. పాక పీకేశారు, అందులో మార్పేం లేదు. రేకులు, గుంజలకున్న ఇనప పట్టీలు అన్నీ బాబాయే కాటా మీద వేయించాడు. ఆటో అతనికి పద్దెనిమిది కిలోలు గుర్తున్నట్టుంది, దాగలి దగ్గరికెళ్లి వంగాడు.

"అది కాదులేవయ్యా" అన్నాడు బాబాయ్. "పక్కకి జరుపు. బాత్రూమ్ గోడ అక్కడికొస్తది."